గిబ్సన్, అతని విమానాలు

ఈ ఏటి సావనీరుకు ఎవరిదైనా ఒక జీవితచరిత్ర రాసి ఇమ్మని మన విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, ఏ శాస్త్రవేత్త గురించో, ఏ దేశనాయకుడి గురించో రాస్తానని వాళ్లు అనుకుని ఉంటారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని కాగితాలు ముందు పెట్టుకుని కూర్చునేసరికి నా చదువుకున్న రోజులు గుర్తుకు వచ్చాయి. వాటితో పాటు ఒక మనిషి గుర్తుకు వచ్చాడు. నేను పుట్టడానికి పదేళ్ల ముందే అతను పోయాడు. అయినా నా యౌవనంలో కొన్నేళ్లపాటు అతనే నా హీరో. అతని పేరు గై గిబ్సన్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో బాంబర్ స్క్వాడ్రన్‌కు నాయకుడు.

1970ల్లో నేను ఇదే కాలేజీలో బి.ఎస్‌సి. చదువుతూ ఉండేవాణ్ణి. ఆదివారాలు ఉదయం ఆటకు ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. అలా ఒకసారి ది డామ్ బస్టర్స్ అనే సినిమా చూశాను. 1955లో తీసిన నలుపు తెలుపు చిత్రం. గిబ్సన్ వేషం రిచర్డ్ టాడ్ అనే నటుడు వేశాడు. నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ విమానాలు వెన్నెల్లో నీళ్లను రాసుకుంటూ పోయి జర్మనీ ఆనకట్టను బద్దలు కొట్టే దృశ్యం చూసి, ఇంటికి నడిచి వచ్చానో, ఎగిరి వచ్చానో నాకే తెలియదు. అప్పటికి నేను ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో ఉన్నాను. పైలట్ అయి తీరాలనే పిచ్చి నిండా ఉంది.

ఆ రాత్రి అన్నాలు తింటున్నప్పుడు కథంతా మా నాయనమ్మకు చేతులు తిప్పుతూ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, చివర్లో ఒక్క ప్రశ్న వేసింది. కట్ట తెంపారు సరేలే, మరి ఆ కట్ట కింద ఊళ్లు లేవా, వాటిలో మనుషులు లేరా అని. నాకు ఒళ్లు మండింది. అది యుద్ధం నాయనమ్మా, నీకు తెలియదులే అని లేచి చెయ్యి కడుక్కున్నాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడకు తెలియకపోవడం కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన నాటికి ఆవిడ విశాఖలోనే కాపురం ఉంది. ఆ దెబ్బకు ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైతం కొంతకాలం గుంటూరుకు తరలించారు. చంకలో పిల్లవాడితో ఎద్దుబండి ఎక్కి ఊరు వదిలి పోయిన మనిషి ఆవిడ.  ఇవన్నీ తెలిసి కూడా ఆ రాత్రి నాకు ఆ ప్రశ్న పట్టలేదు. నాకు పైనున్న విమానమే కనిపించింది కాని కింద ఉన్న నేల కనిపించలేదు.

సరే, ఇక గిబ్సన్ సంగతికి వద్దాం.

అతను పుట్టింది మన దేశంలోనే అంటే మీలో చాలామందికి ఆశ్చర్యం కలగవచ్చు. 1918 ఆగస్టు 12న సిమ్లాలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ జేమ్స్ గిబ్సన్ ఇక్కడి అటవీశాఖలో అధికారి. తల్లి ఇంగ్లండులో కార్న్‌వాల్ సముద్రతీరానికి చెందిన స్త్రీ. భార్యాభర్తలకు వయసులో చాలా వ్యత్యాసం ఉండేది. కాపురం సరిగా సాగలేదు. గిబ్సన్‌కు ఆరేళ్లప్పుడు తల్లి పిల్లలను తీసుకుని ఇంగ్లండ్ వెళ్లిపోయింది. అప్పటినుంచి ముగ్గురు పిల్లల్లో చివరివాడైన ఇతను హాస్టలు బడుల్లోనే పెరిగాడు. తండ్రి దూరమయ్యాడు. తల్లి తాగుడుకు బానిసై, చివరికి 1939 డిసెంబరులో కాలిన గాయాలతో చనిపోయింది. ఇల్లు అనేది ఎలా ఉంటుందో ఆ కుర్రవాడికి సరిగా తెలియదనే చెప్పాలి.

ఆక్స్‌ఫర్డులోని సెయింట్ ఎడ్వర్డ్స్ స్కూల్లో చదువుతున్నప్పుడే విమానాల మీద మనసు పోయింది. యుద్ధవీరుడు కావాలని కాదు, కొత్త విమానాలను పరీక్షించే టెస్ట్ పైలట్ కావాలని అతని కోరిక. విమానాలు తయారు చేసే వికర్స్ కంపెనీ టెస్ట్ పైలట్‌కు ఉత్తరం రాస్తే, ముందు వైమానిక దళంలో చేరి విమానం నడపడం నేర్చుకోమని సలహా వచ్చింది. దరఖాస్తు పెట్టాడు. మొదటిసారి తిరగ్గొట్టారు. మనిషి పొట్టి, కాళ్లు చాలవన్నారు. మళ్లీ ప్రయత్నించి 1936 నవంబరులో చేరాడు. ఈ ఒక్క ముక్క చదివే నేను అతనికి అంత దగ్గరయ్యాను. నన్ను కూడా తిరగ్గొట్టారు మరి, కళ్లు సరిగా లేవని. అతనికి రెండోసారి తలుపు తెరుచుకుంది. నాకు తెరుచుకోలేదు. ఫిజిక్సు మేష్టర్ని అయ్యాను.

1937లో అతన్ని 83వ స్క్వాడ్రన్‌లో వేశారు. యుద్ధం వచ్చేనాటికి వాళ్లు హాంప్డెన్ అనే రెండు ఇంజన్ల బాంబర్లు నడుపుతున్నారు. నలుగురు మనుషులు కూర్చునే ఈ విమానం లోపల వెడల్పు సుమారు మూడడుగులే. అందుకే దానిని ఎగిరే సూట్‌కేసు అని వేళాకోళం చేసేవారు. గిబ్సన్‌కు వచ్చిన హాంప్డెన్ గుర్తు సి. వాళ్ల భాషలో సి ఫర్ చార్లీ. ఆ సి ఫర్ చార్లీ మంచి విమానమేమీ కాదు. నేల మీద పరుగు మొదలుపెడితే కుడివైపుకు ఈడ్చుకుపోయేది. గాలిలోకి లేచాక ఎడమ రెక్క వాల్చుకుని ఎగిరేది. అప్పుడప్పుడు ఒక ఇంజను ఆగిపోయేది కూడా. ఈ అవలక్షణాలన్నీ గిబ్సనే తర్వాత తన పుస్తకంలో ఏకరువు పెట్టాడు. పెట్టి, అయినా దానిని ప్రేమించామనీ, అందుకు కారణం అది మాది కావడమేననీ చెప్పుకున్నాడు.

ఈ మాట అర్థం కావడానికి మనం బ్రిటిష్ వైమానిక దళంలో చేరనక్కర్లేదు. పల్లెటూరి రైతు ఎద్దుకు రాముడనీ, లక్ష్మణుడనీ పేరు పెట్టుకుంటాడు. దసరాకు మన వర్క్‌షాపులో లేతు మిషనుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొడతాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న సెకండ్‌హాండ్ స్కూటరు పది తన్నులు తంతేగాని స్టార్టయ్యేది కాదు. అయినా ఇంకొకరు దాన్ని డొక్కు అంటే నాకు కోపం వచ్చేది. మంచిది గనుక మనది చేసుకోవడం వేరు, మనది గనుక మంచిదనుకోవడం వేరు. గిబ్సన్‌ది ఈ రెండో రకం ప్రేమ. సొంత ఇల్లు సరిగా ఎరగని మనిషికి ఆ మూడడుగుల ఇరుకులో ఒక ఇల్లు దొరికిందేమోనని నాకు అనిపిస్తుంది.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఆ సాయంత్రమే జర్మన్ నౌకాదళం మీద దాడికి బయల్దేరిన విమానాల్లో సి ఫర్ చార్లీ ఒకటి. అప్పటిదాకా బాంబుల బరువుతో విమానం లేపిన అనుభవం కూడా గిబ్సన్‌కు లేదు. మబ్బులు, వాన, చీకటి అడ్డుకోగా లక్ష్యం దొరక్కుండానే తిరిగి వచ్చారు. తర్వాత ఏడాదిపాటు అలా వెళ్లినవారు చాలామంది తిరిగి రాలేదు. ఇతను వస్తూ ఉన్నాడు.

ఆ విడత పూర్తయ్యాక విశ్రాంతి తీసుకోవలసిన మనిషి, రాత్రివేళ శత్రు బాంబర్లను వేటాడే బ్యూఫైటర్ విమానాల దళానికి వెళ్లాడు. 1940 నవంబరులో ఈవ్ మూర్ అనే నటిని పెళ్లి చేసుకున్నాడు. 1942 వసంతంలో, బాంబర్ దళాల అధిపతి హారిస్ అతన్ని పిలిపించి 106వ స్క్వాడ్రన్ అప్పగించాడు. అప్పటికి గిబ్సన్ వయసు 23. మన పి.జి. విద్యార్థుల వయసు అన్నమాట.

అక్కడ మొదట్లో మాంచెస్టర్ విమానాలు ఉండేవి. వాటి రెండు ఇంజన్లు నమ్మదగినవి కావు. ఆ విమానాన్నే మార్చి, రెక్కలు పెంచి, నాలుగు మెర్లిన్ ఇంజన్లు బిగించేసరికి అది లాంకాస్టర్ అయింది. అవలక్షణాల విమానాన్నే ప్రేమించిన గిబ్సన్‌కు లక్షణమైన విమానం దొరికితే ఇక చెప్పాలా? 106వ స్క్వాడ్రన్ వాళ్లు తమ విమానాలకు అడ్మిరల్ ఫలానా అంటూ హాస్యపు పేర్లు పెట్టుకునేవారు. గిబ్సన్‌ది అడ్మిరల్ ప్రూన్. ప్రూన్ అంటే ముడుతలు పడ్డ ఎండు పండు.

అయితే మనుషులతో అతను అంత సరదా మనిషి కాదు. అధికారులతో కలిసి తాగేవాడు, నవ్వేవాడు. కాని కింది హోదా వాళ్లతో, విమానాన్ని బాగుచేసే మెకానిక్కులతో ముభావంగా, కటువుగా ఉండేవాడు. వెనకాల అతన్ని బాల చక్రవర్తి అని ఎగతాళి చేసేవారు. విమానం మీద అంత ప్రేమ ఉన్నవాడు, ఆ విమానం కింద పడుకుని రాత్రంతా నూనె మరకలతో పనిచేసిన వాళ్లను ప్రేమించలేకపోయాడు. నా హీరో గురించి ఈ సంగతి చదివినప్పుడు నాకు మొదటిసారి మనసు చివుక్కుమంది.

1943 మార్చిలో అలసిపోయి సెలవు మీద పోవలసిన సమయంలో ఇంకొక్క దాడికి నాయకత్వం వహించమని పైవాళ్లు అడిగారు. ఒప్పుకున్నాడు. స్కాంప్టన్ విమానాశ్రయంలో 617వ స్క్వాడ్రన్ అలా పుట్టింది. లక్ష్యం జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతానికి నీరందించే ఆనకట్టలు. ఆయుధం బార్న్స్ వాలిస్ అనే ఇంజనీరు కనిపెట్టిన బాంబు. మన చిన్నతనంలో చెరువులో చిల్లపెంకు అడ్డంగా విసిరితే నీటిమీద కప్పగంతులు వేస్తూ పోతుందే, సరిగ్గా ఆ సూత్రమే. పీపా ఆకారంలో ఉండే ఆ బాంబు బరువు సుమారు 4,200 కిలోలు. దానిని వదిలేముందు నిమిషానికి 500 సార్లు వెనక్కి తిప్పేవారు. అది నీటిమీద గెంతుతూ టార్పెడో వలలను దాటి, గోడను తాకి, గోడను అంటుకునే కిందికి దిగి, సుమారు 30 అడుగుల లోతున పేలాలి. అప్పుడు నీటి ఒత్తిడే గోడను పగలగొడుతుంది. ఇదంతా జరగాలంటే విమానం రాత్రివేళ నీటికి సరిగ్గా 60 అడుగుల ఎత్తున ఎగరాలి. అంత తక్కువ ఎత్తును కొలిచే పరికరం లేదు. విమానం అడుగున రెండు దీపాలు వాలుగా బిగించారు. నీటిమీద రెండు వెలుగులూ కలిసిన చోట ఎత్తు 60 అడుగులన్నమాట. ఫిజిక్సు విద్యార్థులు బొమ్మ గీసుకుని చూడండి, ముచ్చట వేస్తుంది.

గిబ్సన్ విమానం నంబరు ఇ.డి. 932. స్క్వాడ్రన్ గుర్తు ఏ.జె., విమానం గుర్తు జి. మూడూ కలిపి చదివితే ఏ.జె.జి., అంటే అతనికి దూరమైన తండ్రి పొడి అక్షరాలు. ఈ జి ఫర్ జార్జ్ చూడటానికి అందగత్తె కాదు. ఆ పీపా బాంబు కోసం దాని పొట్ట తలుపులు పీకేశారు, వీపు మీది తుపాకి గూడు తీసేశారు.

దాడికి ముందురోజు స్కాంప్టన్ గేటు బయట గిబ్సన్ పెంపుడు నల్ల లాబ్రడార్ కుక్క కారు కింద పడి చచ్చిపోయింది. మొదటి ఆనకట్ట తెగితే వైర్‌లెస్‌లో పంపవలసిన సంకేతం ఆ కుక్క పేరే. ఆ పేరు నల్లజాతి వారిని కించపరిచే మాట గనుక ఇక్కడ రాయడం లేదు. కుక్క చనిపోయిన సంగతి అపశకునమని తన వాళ్లు భయపడకుండా గుట్టుగా ఉంచి, అర్ధరాత్రి వేళ, తాను జర్మనీ మీద ఉండే సమయంలో, దానిని పూడ్చమని చెప్పి విమానం ఎక్కాడు.

1943 మే 16 రాత్రి 19 లాంకాస్టర్లు, 133 మంది బయల్దేరారు. మొదటి లక్ష్యం మ్యోనే ఆనకట్ట. ముందుగా గిబ్సన్ దిగాడు. అతని బాంబు గోడకు చేరకముందే పేలింది. రెండవ విమానం తుపాకి దెబ్బలు తిని, మంటలంటుకుని కూలిపోయింది. మూడవది దిగుతుంటే, బాంబు అయిపోయిన గిబ్సన్ తన జి ఫర్ జార్జ్‌ను దాని పక్కన నడిపాడు, తుపాకులు తనవైపు తిరగాలని. ఆ తర్వాత దిగినవారికి కూడా తన విమానాన్నే ఎర చేశాడు. అయిదవ బాంబుతో గోడ తెగింది. మిగిలినవారితో ఎడర్ ఆనకట్టకు వెళ్లి దగ్గరుండి దానినీ పడగొట్టించాడు. మూడవదైన జోర్పె మాత్రం మట్టికట్ట. అది దెబ్బ తిన్నది కాని తెగలేదు.

తాను ప్రేమించే యంత్రాన్ని తోటివాళ్ల ప్రాణాలకు అడ్డం పెట్టడం, అందులో తానూ కూర్చుని ఉండటం, ఇది చిన్న విషయం కాదు. ఆ సంగతి నేను ఈనాటికీ కాదనను. అతనికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చింది ఇందుకే.

తెల్లవారేసరికి 8 విమానాలు రాలేదు. 56 మంది లెక్కకు రాలేదు. 56 కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి. వారిలో ముగ్గురు మాత్రం బందీలుగా బతికి ఉన్నట్టు తర్వాత తెలిసింది. 53 మంది చనిపోయారు. ఇంతమంది కుర్రాళ్లు పోయారని బాంబు కనిపెట్టిన వాలిస్ కుమిలిపోయాడు. సినిమా కూడా ఉత్తరాలు రాయడానికి గిబ్సన్ నడిచి వెళ్లడంతోనే ముగుస్తుంది.

కాని మా నాయనమ్మ అడిగిన ప్రశ్నకు ఆ సినిమాలో జవాబు లేదు. చాలా ఏళ్లకు, పాఠాలు చెప్పే రోజుల్లో, లైబ్రరీలో ఆ దాడి గురించిన పుస్తకం చదువుతుంటే దొరికింది. కట్ట కింద ఊళ్లు ఉన్నాయి. మనుషులు ఉన్నారు. ఆ రాత్రి వరదలో సుమారు 1,300 నుంచి 1,600 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు జర్మన్లు కూడా కారు. మ్యోనే దిగువన నెహైమ్ అనే ఊరి దగ్గర ఒక శిబిరం ఉండేది. తూర్పు యూరపు నుంచి, ముఖ్యంగా సోవియట్ ప్రాంతాల నుంచి బలవంతంగా పట్టుకొచ్చి వెట్టిచాకిరీ చేయిస్తున్న ఆడవాళ్లు అందులో ఉండేవారు. నాజీల చేతుల్లో చిక్కి, నాజీలను ఓడించేవారు ఎప్పుడు వస్తారా అని ఎదురుచూస్తున్న వాళ్లు. వాళ్లు వచ్చారు, నీళ్ల రూపంలో. మ్యోనే గోడను జర్మన్లు అయిదు నెలలు తిరగకుండా తిరిగి కట్టేశారు. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన అదనపు నియమాల్లో, జనానికి తీవ్రనష్టం కలిగేలా ఆనకట్టల మీద దాడి చేయరాదని రాసుకున్నారు.

దాడి తర్వాత గిబ్సన్‌ను మళ్లీ యుద్ధానికి పంపడం అధికారులకు ఇష్టం లేకపోయింది. చర్చిల్‌తో పాటు కెనడాకు పంపి, అమెరికా అంతా తిప్పి ఉపన్యాసాలు ఇప్పించారు. పుస్తకం రాయమన్నారు. 1944లో రాశాడు. అతను పోయాక 1946లో అది అచ్చయింది. పార్లమెంటుకు పోటీ చేయిస్తామన్నారు. ఒప్పుకుని, మళ్లీ మానుకున్నాడు. ఆఫీసు బల్ల దగ్గర అతనికి ఊపిరాడేది కాదు. విమానం కావాలి. అడిగి అడిగి పైవాళ్లను విసిగించాడు.

ఈ లోపల జి ఫర్ జార్జ్‌లో అతనితో కూర్చున్న ఆరుగురూ ఒక్కొక్కరే పోయారు. టేరమ్, హచిసన్, స్పాఫర్డ్, డీరింగ్ నలుగురూ 1943 సెప్టెంబరులో ఒకే విమానంలో పోయారు. పల్‌ఫర్డ్ 1944 ఫిబ్రవరిలో, ట్రెవర్-రోపర్ మార్చి నెలాఖరులో. అందరూ పోయాక ఏడోవాడు మిగిలాడు.

1944 సెప్టెంబరు 19న ఎట్టకేలకు అనుమతి దొరికింది. రైట్, మ్యోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే జర్మన్ పట్టణాల మీద దాడిని గాలిలో ఉండి నడిపించే బాధ్యత. ఈసారి విమానం మస్కిటో. కర్రతో చేసిన చిన్న విమానం, ఇద్దరే మనుషులు. గిబ్సన్‌కు దానితో పెద్దగా అలవాటు లేదు. తనకు కేటాయించిన దానిలో లోపం ఉందనేసరికి, వేరే వాళ్ల మస్కిటో తీసుకుని బయల్దేరాడు. తిరుగుదారిలో హాలండులోని స్టీన్‌బెర్గెన్ ఊరి దగ్గర అది కూలిపోయింది. నావిగేటరు జేమ్స్ వార్విక్, గిబ్సన్ ఇద్దరూ చనిపోయారు. ఇంధనం అందకపోవడమనీ, తుపాకి దెబ్బ అనీ కారణాలు పలువురు పలురకాలుగా చెప్పారు. అతనికి 26 ఏళ్లు. ఇద్దరి సమాధులూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఒక్కొక్క విమానాన్ని నాది అని గుండెకు హత్తుకున్న మనిషి, చివరికి తనది కాని విమానంలో పోయాడు.

మరి జి ఫర్ జార్జ్ ఏమైంది? యుద్ధమంతా గడిచి బతికింది. 1946లో, మిగిలిపోయిన పీపా బాంబులను అట్లాంటిక్ సముద్రంలో పారేసే పనికి వాడారు. 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, ముక్కలు చేసి తుక్కు కింద వేశారు. మొత్తం 7,377 లాంకాస్టర్లు తయారైతే, ప్రపంచంలో ఇంకా ఎగరగలిగేవి రెండే మిగిలాయని చదివాను. ఆ రెంటిలోనూ అది లేదు. బ్రిటిష్ బాంబర్ దళంలో 55,573 మంది విమానసిబ్బంది చనిపోయారు. వాళ్ల బాంబుల కింద పోయినవారు ఎన్నో రెట్లు.

విద్యార్థి మిత్రులారా, యంత్రాన్ని ప్రేమించవద్దని నేను చెప్పబోవడం లేదు. ప్రేమ లేని చేతిలో ఏ యంత్రమూ పలకదు. మీలో రేపు విమానం నడిపేవారు ఉండవచ్చు, ఆనకట్ట కట్టేవారు ఉండవచ్చు. మీది అనుకున్న దానిని ప్రాణంగా చూసుకోండి. కాని దాని కింద పడుకుని బోల్టు బిగించిన మనిషి పేరు కూడా తెలుసుకోండి. కట్ట కింద ఏ ఊరు ఉందో ఒక్కసారి వంగి చూడండి. గిబ్సన్ ధైర్యంలో వందోవంతు నాకు లేదు. ఆ వంగి చూడటం అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. నాకు నేర్పబోయిన మనిషి ఇంట్లోనే ఉన్నా, నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

జవాబు నాకు తెలిసేనాటికి మా నాయనమ్మ లేదు. అందుకే మీకు చెప్పాను.